చాచా వాయించని పాట

ఇది రాసి పెట్టకపోతే షాహీన్‌కు తన పెళ్ళి గురించి ఒక అబద్ధమే నిజంగా మిగిలిపోతుంది. ఇన్నేళ్ళూ ఆ బరువు మోస్తున్నది నేను. ఆమె తండ్రి జబ్బార్ చాచాకు తెలుగు చదవడం రాదు. ఆమే చదివి వినిపిస్తుంది. అంతకంటే ముందు మీకు చెప్పుకుంటున్నాను.

ఎల్లారెడ్డిలో మాది పెళ్ళిళ్ళ బ్యాండు. ముందు నడిచే క్లారినెట్ నాది. వెనక, డ్రమ్ము పక్కన, చాచా బేస్ ట్రాంబోన్. మామూలు ట్రాంబోన్ కన్నా లావు గొట్టం, ఇంకా కింది స్వరం. బరాత్ ఊరేగింపులో దాని పని భోం భోం అనడమే.

"చాచా, నీది బాజానా, బర్రెనా?" అని మావాళ్ళు ఏడిపించేవారు.

"బర్రెనే బిడ్డా. పాలు తాగేటోళ్ళు మీరే గద!" అనేవాడు.

మా బ్యాండులో ఒక కట్టుబాటు ఉంది. మాలో ఒకరి కూతురి పెళ్ళయితే, పిల్లను సాగనంపేటప్పుడు అందరం ఆగిపోతాం. తండ్రి ఒక్కడే తన వాయిద్యం మీద ఒక పాట వాయిస్తాడు. షాహీన్ పెళ్ళి కుదిరాక చాచా మధ్యాహ్నాలు షెడ్డు వెనక కూర్చుని ఏదో నిదానంగా సాధన చేసేవాడు. ఒకరోజు చాటుగా విన్నాను. గొంతు బొంగురుపోయిన మనిషి జోల పాడుతున్నట్టుంది. నా క్లారినెట్ ఎన్నడూ అలా పలకలేదు.

చాచా నన్ను కితాబ్‌వాలా అనేవాడు. బడి చదువు మధ్యలో ఆగినా, కామారెడ్డి గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాణ్ణి. ఆ సంగతి అందరికీ చెప్పుకునేవాణ్ణి కూడా. అందుకే నన్నే అడిగాడు.

"కితాబ్‌వాలా, గీ బాజా ఒక్కదాన్నే వాయిస్తరా యాడనన్న? బిడ్డ పెండ్లిల నవ్వులపాలైతనేమో. నీ బుక్కుల ఏమున్నదో చెప్పు."

నేను అప్పటికే చదివాను. బేస్ ట్రాంబోన్ కోసమే కట్టిన సంగీతం ఉందట. పియానో తోడుతోనూ, ఏ తోడూ లేకుండానూ నిండు సభల్లో వాయిస్తారట.

"లేదు చాచా," అన్నాను. "అది వేరేటోళ్ళ పాటకు కిందికెల్లి ఆసరా ఇచ్చేదేనట."

కాసేపు గొట్టం తుడుస్తూ కూర్చున్నాడు. "అయితే నువ్వే వాయించు బేటా. నా బిడ్డ మంచిగ పోవాలె."

ఎందుకలా అన్నాను? ఆయన్ని నవ్వులపాలు కాకుండా కాపాడానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. జనం ఒక్కసారి ఆ పాట వింటే, ఆ తర్వాత నా క్లారినెట్‌ను ఎవరు తలచుకుంటారన్న భయం. అంత చిన్న భయం.

పెళ్ళిరోజు నేనే వాయించాను. మధ్యలో నా ఊపిరి తడబడింది. వెనక నుంచి, ఏడుస్తూనే, చాచా కింది స్వరం అందుకున్నాడు. పాట పడిపోలేదు. మెప్పు మాత్రం నాకొచ్చింది.

"మా అబ్బాకు సిగ్గన్నా, గందుకే నీతోని వాయించిండు," అని షాహీన్ ఇప్పటికీ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను.

ఇప్పుడు చాచాకు ముందు పళ్ళు లేవు. పెదవులకు ఆనిక లేక గాలి నిలవదు. ట్రాంబోన్ అటకెక్కింది. మొన్న ఫోనులో, దూరదేశంలో ఒకాయన ఒంటరిగా బేస్ ట్రాంబోన్ వాయిస్తుంటే సగంలోనే ఆపేశాను. చాచా పాట మొదలు నాకింకా గుర్తుంది. దాన్ని నా క్లారినెట్ మీద పలికించే ధైర్యం రాలేదు.

క్షమించమని అడగను. చెప్పేశాను. ఊపిరి కాస్త లోతుగా అందుతోంది.

మూసే వేళయినా నన్ను లేపని గ్రంథాలయం సుగుణమ్మ గారికి, రాయమని పోరిన డ్రమ్ము రాజన్నకు, ఇది చదివి వినిపించబోయే షాహీన్‌కు కృతజ్ఞతలు. జబ్బార్ చాచాకు, ఆ రోజు నా పాట కింద నిలబడినందుకు.