పసుపు లేని పప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మహాయుద్ధం జరిగింది. కుట్ర, ద్రోహం, దూరదేశ ప్రయాణం అన్నీ ఉన్నాయి. ఇలా మొదలుపెడితే బాగుంటుంది కానీ, నిజానికి జరిగింది ఒక్కటే. పప్పు చేదైంది. చేసింది నేను.

ఆర్మూర్ పక్కన మాకు రెండెకరాల పసుపు చేను ఉండేది. రెండేళ్లు వరసగా దుంపకుళ్లు పట్టడంతో బాపు దుబాయ్ పోతానన్నాడు. దొరికింది కూలీలుండే ఒక క్యాంపులో వంట పని. అప్పటిదాకా బాపు పొయ్యి వెలిగించింది చేన్లో పసుపు ఉడకబెట్టడానికే. వీసా తెచ్చిన పెద్దమనిషి ఆదివారం వచ్చి తిని చూస్తానన్నాడు. బాగుంటేనే తీసుకుపోతాడు.

నాలుగు రోజులు నానమ్మ తన కొడుకును పొయ్యి ముందు కూర్చోబెట్టింది. బియ్యం మీద ఎసరు వేలి మొదటి గణుపు దాకా ఉండాలి. పప్పు మెత్తబడ్డాకే చింతపండు రసం పోయాలి, ముందే పోస్తే ఉడకదు. "గంటె గట్ల తిప్పకు కొడుకా, గిది పసుపు కడాయి కాదు" అనేది మధ్యమధ్యలో.

తొమ్మిదేళ్ల నాకు లెక్క సులువుగానే తేలింది. వంట చెడితే బాపు పోడు. ఆదివారం బాపు పప్పు పొయ్యి మీద పెట్టి, ఆ పెద్దమనిషి కోసం బస్టాండుకు పోయాడు. అమ్మ వాకిట్లో బీడీ ఆకు కత్తిరిస్తోంది. నానమ్మ కరివేపాకు కోసం పెరట్లోకి పోగానే, ఉడుకుతున్న పప్పులో గుప్పెడు పసుపు వేసి కలిపాను. మా ఇంట్లో దానికి కొదవ లేదు.

పెద్దమనిషి మొదటి ముద్దకే ఆగిపోయాడు. "గిదేం పప్పు? దవాఖాన మందు తిన్నట్టున్నది" అన్నాడు. బాపు తల దించుకున్నాడు. నానమ్మ పచ్చగా ఉన్న నా చేతిని చూసి, నన్ను తన వెనక్కి జరుపుకుంది.

"నా కండ్లు మంచిగ కనబడుతలేవయ్యా. వాడు ఏసింది యాదిలేక నేను మల్ల ఏసిన. జర పచ్చిపులుసు తినుండ్రి, అది మొత్తం వాడే చేసిండు."

ఆయన పచ్చిపులుసుతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. బాపు దుబాయ్ పోయాడు.

ఆ మధ్యాహ్నం నానమ్మ నా చేతిని కుంకుడు రసంతో రుద్ది కడుగుతూ, "నాకు గూడ వాడు పోవద్దనే ఉన్నది బిడ్డా" అంది. అంతే. తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

ఉత్తరాలకు బదులు బాపు గొంతు నింపుకుని క్యాసెట్లు వచ్చేవి. "అవ్వా, ఆ దినం నా తప్పు నువ్వు మీదేసుకున్నవని నాకెర్కనే. పసుపు కాడ నా చేతికి అందాజ లేదు. గందుకే పప్పుల ఏస్తనే లేను" అన్నాడు మొదటి దాంట్లో. నానమ్మ జవాబు రికార్డు చేస్తూ "ఏస్కో కొడుకా, నీ చెయ్యి మంచిదే" అని, టేప్‌రికార్డర్‌ను నా ముందుకు జరిపింది. నేను లెక్కల్లో వచ్చిన మార్కులు చెప్పాను. అవి కూడా చెప్పుకోదగ్గవి కావు.

ఎనిమిదేళ్లకు తిరిగొచ్చి బాపు మళ్లీ పసుపే వేశాడు, చేన్లో. పప్పులో మాత్రం చివరిదాకా వేయలేదు. ఆ పాలిపోయిన పప్పును అందరూ మెచ్చుకునేవారు. నేను రెండోసారి వడ్డించుకునేదాన్ని. నోరు నిండి ఉంటే మాట్లాడనక్కర్లేదు.

ఇప్పుడు నానమ్మ, బాపు ఇద్దరూ లేరు. మొన్న నా కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి పప్పులో పసుపు ఎంత వేయాలని అడిగాడు. బాపుకు చెప్పాల్సిందంతా వాడికి చెప్పాను. వాడు ఓపిగ్గా విని, "సరే గని అమ్మా, ఎంతెయ్యాలె?" అన్నాడు.

పావుకిలో కందిపప్పుకు పావు చెంచా.