బొమ్మల మీద తోరణం

మొన్న మా అమ్మాయి ఫోనులో ఏదో చీర బొమ్మ మీద నాలుగుసార్లు నొక్కింది. అది ఎంతకీ తెరుచుకోకపోయేసరికి మూతి విరిచి ఇంకో కొట్టు పేజీకి వెళ్ళిపోయింది. తమ గుమ్మం దాకా ఒక మనిషి వచ్చి తిరిగి వెళ్ళిందని ఆ కొట్టువాళ్ళకి ఎప్పటికీ తెలియదు కదా అనుకోగానే కొండపల్లి బాబాయి గుర్తొచ్చాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

రెండు వేల రెండో మూడో అయి ఉంటుంది. ఫోను తీగ కీచుకీచుమని అరిచి అరిచి ఒక్క పేజీ తెరిచే ఆ కాలం నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది. విజయవాడ గవర్నరుపేటలో ఒక మేడమీది గదిలో నేను వెబ్ పేజీలు తయారుచేసేదాన్ని. మా పిన్ని భర్త అయిన ఆ బాబాయి, పొణికి చెక్కతో అంబారీ ఏనుగులూ ఎడ్లబండ్లూ చెక్కేవాడు. బేరాలు బొత్తిగా పడిపోయి, ఉలి పక్కన పెట్టి థర్మల్ విద్యుత్ కేంద్రంలో బూడిద ఎత్తే కాంట్రాక్టు పనికి వెళ్ళబోతున్నాడని తెలిసి నేనే అడ్డుపడ్డాను. నీ బొమ్మలన్నీ కంప్యూటర్లో పెడతాను, దేశమంతా కొంటుంది చూడమని గొప్పలు పోయాను. ఆ మాట నమ్మి వచ్చిన పని వదులుకున్నాడు. నిజంగానే బొమ్మ మీద నొక్కితే ఆర్డరు కాగితం తెరుచుకునేది, వారానికి రెండో మూడో ఉత్తరాలు వచ్చేవి, నేను వాళ్ళ వీధి చివర ఫోను బూత్‌కి కబురు చేసేదాన్ని.

ఉగాదికి ముందు బాబాయి మా ఆఫీసుకి వచ్చి, పండగపూట కొట్టు గుమ్మం బోడిగా ఉండకూడదని, ఆ పేజీకి కూడా మామిడి తోరణం కట్టమని మొహమాటపడుతూ అడిగాడు. అప్పటికప్పుడు గీసి కట్టాను. బాబాయి కంప్యూటరుకి చేతులు జోడించాడు, అందరం పూతరేకులు తిన్నాం. బొమ్మల మీద ఒక్కసారి నొక్కి చూద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఆ తర్వాత ఒక్క ఉత్తరం రాలేదు. బాబాయి ప్రతి శనివారం బస్సెక్కి వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు, నేను పేజీ తెరిచి బొమ్మలన్నీ నిక్షేపంలా ఉన్నాయని చూపించేదాన్ని. శ్రావణమాసం వచ్చేసరికి రావడం మానేశాడు. జనానికి తన చేతిపని మొహం మొత్తిందనుకుని, ఉలులన్నీ ఎవరికో ఇచ్చేసి బూడిద పనికి వెళ్ళిపోయాడు.

దసరా ముందు ఎవరికో చూపించబోతే, ఏనుగు మీదికి వెళ్ళినా బాణం గుర్తు, నొక్కవచ్చని చెప్పే చెయ్యి బొమ్మగా మారలేదు. లింకులు చూశాను, పేర్లలో అక్షరాలు చూశాను, ఫొటోలు మళ్ళీ ఎక్కించాను, ఏం లాభం లేకపోయింది. చివరికి తోరణం తీసేస్తే చెయ్యి వచ్చింది. ఆకులు పైనే ఉన్నా, వాటి కింద కంటికి కనపడని ఖాళీ భాగం గాజుపలకలా బొమ్మలన్నిటినీ కప్పేసి, నొక్కిన ప్రతి నొక్కునీ తనే మింగేసింది. తోరణం కట్టిన రోజే ఆ ఖాళీని కత్తిరించి ఉంటే రెండు నిమిషాలు పట్టేది. అప్పుడు బద్ధకించాను.

మర్నాడే కొండపల్లి వెళ్ళాను. బాబాయి అప్పుడే పని నుంచి వచ్చి, కనురెప్పల మీది బూడిద కడుక్కుంటున్నాడు. నీ బొమ్మలు నచ్చక కాదు బాబాయీ, తోరణం అడ్డొచ్చింది అని చెప్పాను. చేతులు తుడుచుకున్నాడు.

“నేనే గదమ్మా కట్టమంది,” అన్నాడు.

తప్పు తోరణానిది కాదు, నాది అని ఆ క్షణంలో అనాల్సింది. నిజం చెప్పాలంటే, ఆ తప్పు ఆయన మీదికి పోయినందుకు నాకు కాస్త తేలికగా కూడా అనిపించింది.

ఇప్పుడు ఎవరు వచ్చారో, ఎక్కడ నొక్కారో, ఎందుకు వెళ్ళిపోయారో అన్నీ కంప్యూటరే చెబుతుందట. అప్పుడు మనిషే చెప్పాలి. బాబాయి ఆ తర్వాత పన్నెండేళ్ళు దగ్గుతూ బతికాడు, నేను ప్రతి ఉగాదికీ వెళ్ళి ఆయన చేతి పచ్చడి తిని వచ్చాను. వీధిలో అన్ని గుమ్మాలకీ తోరణాలుండేవి. మా బాబాయి మాత్రం మళ్ళీ కట్టలేదు.