బోర్డుకి వెనకవైపు

ఆ వాలు రోడ్డు మీద బండి నడిపే ఎవర్నయినా అడగండి, గన్నక్క పేరు వింటే చాలు, కాలు దానంతటదే బ్రేకు మీదకి పోతుందంటారు. అసలు పేరు ఉద్యోగపు కాగితాల్లో ఉంది గానీ దాంతో పిలిచేవాళ్ళెవరూ లేరు. ట్రాఫిక్ హెడ్ కానిస్టేబులు, చేతిలో స్పీడు గన్ను, అందుకని గన్నక్క. ఆటోవాళ్ళు తిట్టుగా మొదలుపెట్టిన పేరది, పోనుపోను మర్యాదగా తేలింది. ఆవిడకీ ఆ పేరంటే లోలోపల ఇష్టమే, పైకి మాత్రం ఉరిమి చూస్తుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, మనిషి నిప్పు. ఆవిడ చెయ్యి తడిపినవాడు ఇంకా పుట్టలేదు. పెద్ద కారయినా డొక్కు స్కూటరయినా ఆవిడకి ఒక్కటే. దానికో పద్ధతి కూడా పెట్టుకుంది: ముందు అంకె, తర్వాత మొహం. గన్ను ఎక్కుపెట్టి, వచ్చిన అంకెని పక్కనున్న కానిస్టేబులుకి వినబడేలా పైకి చదివేస్తుంది. ఆ తర్వాతే బండిలో ఎవరున్నారో చూస్తుంది. మొహం ముందు చూస్తే మనసు మెత్తబడుతుంది, మనసు మెత్తబడితే అంకె మారిపోతుంది అని ఆవిడ నమ్మకం. అంకె నోరు దాటాక ఇక వెనక్కి తీసుకోవడమనేది లేదు, ఎదురుగా ఉన్నది ఎస్సై గారి బావమరిదయినా సరే. ఒకసారి నిజంగానే ఆయన బావమరిదే అయ్యాడు. ఎస్సై గారు రెండు రోజులు మొహం మాడ్చుకుని ఊరుకున్నారు.

ఈ పంతం ఊరికే పుట్టింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆ వాలు కింద మలుపు దగ్గర, సైకిలు మీద వెళ్తున్న ఒక ముసలాయన్ని కారు కొట్టేసింది. అంబులెన్సు వచ్చేదాకా ఆయన తల ఒళ్ళో పెట్టుకుని నడిరోడ్డు మీద కూర్చుంది ఆవిడే. ఆయన బతకలేదు. ఆ తర్వాతే పైవాళ్ళు కదిలి, అక్కడ నలభై దాటకూడదని బోర్డు పాతించారు. అది పాతిన రోజు ఆవిడ దగ్గరుండి చూసింది. అప్పట్నించీ ఆ బోర్డంటే ఆవిడకి సొంత మనిషితో సమానం.

ఇల్లూ స్టేషనూ రెండూ వాలుకి కిందే. రోజూ పొద్దున్నే కింది నుంచి నడిచి వెళ్ళి, బోర్డుకి కాస్త దిగువన నిలబడుతుంది. అక్కడొక బాదం చెట్టు ఉంది. వేసవి వచ్చిందంటే తారు కరిగి చెప్పులకంటుకునే ఆ రోడ్డు మీద ఆ చెట్టు నీడే ఆవిడకి ఆఫీసు. పోయిన వానాకాలానికి ముందు కరెంటువాళ్ళు తీగలకి అడ్డమొచ్చే కొమ్మలు కొట్టడానికి వచ్చారు. రోడ్డువైపు వంగిన పెద్ద కొమ్మని మాత్రం వదిలెయ్యండయ్యా, పొద్దస్తమానం ఎండలో మాడేది మీరా నేనా అని బతిమాలి ఆపించింది. వాళ్ళూ పోనీలే పాపమని వదిలేశారు.

ఇంత ఘనురాలికీ ఒక తమ్ముడున్నాడు. తల్లి పోయేనాటికి వాడికింకా పాలపళ్ళు కూడా ఊడలేదు. తలకి నూనె పెట్టడం దగ్గర్నించి డ్రైవింగు నేర్పించడం దాకా అన్నీ అక్కే. ఇప్పుడు స్కూలు వ్యాను నడుపుతాడు. పిల్లలంటే ప్రాణం, పిల్లలకీ వాడంటే ప్రాణం. కాకపోతే ఖాళీ వ్యాను చేతిలో ఉంటే కాలికి కాస్త తొందరెక్కువ. వేరే రోడ్ల మీద రెండుసార్లు పట్టుబడ్డాడు. రెండూ న్యాయమైనవేనని వాడే ఒప్పుకుని, ఆ తర్వాత బుద్ధిగా బోర్డులు చూసుకుని నడపడం మొదలుపెట్టాడు. మూడోసారి మాత్రం, ఆ వాలు రోడ్డు మీదకి కొత్తగా రూటు మార్చిన రోజునే, అక్క చేతికే చిక్కాడు.

"యాభై మూడు," అని చదివేసింది గన్నక్క. కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టి వ్యాను ఆపాడు. అప్పుడు చూసింది మొహం.

మూడోసారంటే ఆరు నెలలు లైసెన్సు పోతుంది. లైసెన్సు లేని డ్రైవర్ని ఏ స్కూలువాళ్ళు ఉంచుకుంటారు? వ్యాను పోతే ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టం. అది ఇద్దరికీ తెలుసు. తమ్ముడు దిగొచ్చి, చేతులు కట్టుకుని, "అక్కా, ఇక్కడ బోర్డెక్కడుందక్కా?" అని అడిగాడు.

బోర్డు లేదన్న మాట ఆ వాలు మీద రోజూ పాడే పాటే. పట్టుబడ్డ ప్రతివాడూ అదే అంటాడు. దొంగకి తాళం కనబడుతుందటయ్యా అని ఆవిడ అందరికీ ఒకే సమాధానం చెబుతుంది. గుండె రాయి చేసుకుని తమ్ముడికీ అదే చెప్పి, చలానా వాడి చేతిలో పెట్టింది. వెనక్కి తిరిగి వేలు చూపించింది కూడా. ఆకుల మధ్య బోర్డు వెనకవైపు బూడిదరంగు రేకు కనిపిస్తూనే ఉంది మరి. వాడు అక్క చూపించిన వైపు చూసి, అక్క మొహం చూసి, వ్యానెక్కాడు. ఆ రోజు నుంచి అక్కతో మాట్లాడ్డం మానేశాడు.

ఊరు ఊరంతా గన్నక్కని ఆకాశానికెత్తేసింది. సొంత తమ్ముణ్ణే వదల్లేదంటే మామూలు మనిషా అన్నారు. ఎస్సై గారు కూడా బావమరిది సంగతి మర్చిపోయి భుజం తట్టారు. ఆ పొగడ్తలకి ఆవిడ పొంగిపోలేదంటే అబద్ధమే. మరదలు మాత్రం ఒక సాయంత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడి, వదినా, ఆయన అన్నం సరిగ్గా తినడం లేదు అని చెప్పి, కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్ళిపోయింది.

కోర్టులో వాయిదా వారంలో ఉందనగా, పక్క ఊళ్ళో ఏదో శిక్షణ తరగతికి వెళ్ళింది గన్నక్క. ఎప్పుడూ స్టేషను జీపులో బైపాసు మీదుగా తిరిగొచ్చేది. ఈసారి జీపు షెడ్డులో ఉండి, మామూలు చీరలో బస్సెక్కి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. బస్సు వాలు మొదట్లోకి రాగానే డ్రైవరు గేరు తగ్గించి నెమ్మదిగా దించడం మొదలుపెట్టాడు. ఆవిడకి ముచ్చటేసింది.

"ఇక్కడ నలభయ్యేనని భలే గుర్తు పెట్టుకున్నావే బాబూ," అంది.

"గుర్తేముందమ్మా, ఇక్కడ గన్నక్క ఉంటుంది. ఇవాళ లేదనుకోండి, అయినా అలవాటు."

"బోర్డుంది కదా?"

డ్రైవరు నవ్వాడు. "నేను ఈ రూటుకొచ్చి ఏడాదవుతోంది, ఇక్కడ బోర్డు చూసిన పాపాన పోలేదు. మాకు ఆవిడే బోర్డు. తెలిసినవాడు బతికిపోతాడు, తెలియనివాడు బలైపోతాడు. అంతే."

ఆ గన్నక్కే తన పక్కన కూర్చుందని పాపం అతనికేం తెలుసు? ఆవిడ కళ్ళు చించుకుని కిటికీలోంచి చూసింది. చెట్టొచ్చింది, చెట్టు వెళ్ళిపోయింది. బోర్డు కనబళ్ళేదు.

వాలు కింద బస్సు ఆపించి దిగి, చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టుకుని పైకి నడిచింది. రోజూ నిలబడే చోటు దాటింది, బోర్డు దాటింది, ఇంకాస్త పైకి వెళ్ళి వెనక్కి తిరిగింది. డ్రైవర్లందరూ చూసే వైపు నుంచి చూడ్డం, అది పాతిన రోజు తర్వాత ఇన్నేళ్ళలో అదే మొదలు. ఎదురుగా అరచేతులంత బాదం ఆకులు గుబురుగా ఉన్నాయి. వాటి కింద మూరెడు ఇనప స్తంభం మాత్రం కనబడుతోంది. దగ్గరకెళ్ళి కొమ్మ ఎత్తి చూస్తే, ఎండా వానా తగలక కొత్తగా మెరుస్తూ ఉంది నలభై. అది తను బతిమాలి బతికించుకున్న కొమ్మే.

అక్కడే రోడ్డు పక్కన కూలబడిపోయింది. దీపం కిందే చీకటంటే ఇదే మరి. పట్టుబడ్డ ప్రతివాడి మొహమూ చూసింది గానీ, ఆ బోర్డు మొహం మాత్రం ఇన్నేళ్ళూ చూడలేదు. ఏడాదిగా ఎంతమంది తన ముందు నిలబడి నిజం చెప్పారో, ఎంతమందిని దొంగలని నవ్విందో. తమ్ముడి మొహం గుర్తొచ్చింది. వాడు చిన్నప్పుడు కూడా అబద్ధమాడేటప్పుడు నేల చూసేవాడు, ఆ రోజు మాత్రం నేరుగా తన కళ్ళలోకే చూశాడు. తమ్ముడి కన్నా ఎక్కువగా ఆ సైకిలు ముసలాయన్ని తలుచుకుంటే ఆవిడకి భయమేసింది. ఆయన పేరు మీద పాతిన బోర్డుని తనే ఆకులు కప్పి దాచింది కదా. ఎవరూ లేరని చూసుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, పైనుంచి కనబడే తీరుగా ఫోన్లో ఫొటోలు తీసుకుంది.

ఎస్సై గారు చెడ్డవారేం కాదు, లౌక్యం తెలిసినవారు. అంతా విని, గొడ్డలి పంపిస్తాను, రేపటికల్లా కొమ్మ ఉండదన్నారు. నీ తమ్ముడి కేసులో సాక్ష్యానికి నువ్వు రాకపోతే అదే కొట్టుకుపోతుంది, మిగతావి కదిపితే డిపార్టుమెంటు పరువూ పోతుంది, నీ పేరూ పోతుంది అని తలుపు దగ్గరగా వేసి మరీ చెప్పారు. నిజం చెప్పాలంటే గన్నక్క మనసు ఆ మాటకి ఊగింది. తమ్ముడు గట్టెక్కుతాడు, రేపట్నించి అందరికీ బోర్డు కనబడుతుంది, ఎవరికేం నష్టం?

ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది. ఆయన టైలరు. మాటలు తక్కువ, నోట్లో ఎప్పుడూ దారప్పోగు ఉంటుంది. మిషను ఆపి, పోగు తీసి, "కొమ్మ నీ తమ్ముడొక్కడికే అడ్డమొచ్చిందా?" అన్నాడు. అని మళ్ళీ మిషను తొక్కుకున్నాడు. ఆవిడకి ఒళ్ళు మండింది గానీ, ఆ రాత్రే ఎస్సై గారికి ఫోను చేసి, కోర్టులో తేలేదాకా కొమ్మ జోలికి వెళ్ళొద్దని చెప్పింది.

వాయిదా రోజున వాలు మీద పట్టుబడ్డవాళ్ళందర్నీ ఒకేసారి పిలిచారు. కోర్టు గది కిటకిటలాడుతోంది. పాలవాళ్ళున్నారు, ఆటోవాళ్ళున్నారు, పురిటి నొప్పులతో ఉన్న భార్యని ఆసుపత్రికి తీసుకెళ్తూ పట్టుబడ్డ ఒక బడిపంతులున్నాడు. తమ్ముడు వెనక గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు. గన్నక్క బోనెక్కి, ఫొటోలు మేజిస్ట్రేటు గారికి అందించి, కొమ్మ సంగతంతా పూస గుచ్చినట్టు చెప్పింది. ఆ కొమ్మని ఎవరు ఆపించారో కూడా దాచలేదు. గదిలో గుసగుసలు మొదలయ్యాయి. తమ్ముడి కోసం ఎంత నాటకమాడిందిరా అని ఒక గొంతు పైకే అనేసింది.

మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "మీ తమ్ముడి కేసు కూడా ఇందులో ఉందటగా?"

ఆవిడ వెనక్కి తిరిగి గదిలో ఉన్నవాళ్ళందరి కేసీ ఒకసారి చూసింది.

"ఉందండి. వాడిది ఆఖర్న పిలవండి. ముందు వీళ్ళందరివీ చూడండి. వీళ్ళలో ఏ ఒక్కరిది నిలిచినా వాడిదీ నిలవాల్సిందేనండి. తప్పు నాదండి, వీళ్ళది కాదు."

ఆ గొంతు మళ్ళీ లేవలేదు. కనబడని బోర్డుకి కట్టుబడమని ఎవర్నీ అడగలేమని చెప్పి మేజిస్ట్రేటు గారు ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయారు. ఇదివరకే జరిమానా కట్టినవాళ్ళు కూడా అర్జీ పెట్టుకోవచ్చని నోటీసు అంటించమన్నారు. ఆఖర్న తమ్ముడిది కొట్టేశారు. పంతులు వచ్చి దండం పెట్టాడు. ఒక ఆటోవాడు, ఏడాది పాటు దొంగనన్నావు కదక్కా అని మొహం మీదే అడిగి వెళ్ళాడు. ఆవిడ తల దించుకుని ఆ మాట పడింది. తమ్ముడు మాత్రం మాట్లాడకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఎస్సై గారు జీపెక్కమనలేదు, నడిచే స్టేషనుకి వెళ్ళింది.

మర్నాడు కొమ్మ కొట్టేశారు. బోర్డు అల్లంత దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనబడుతోంది. గన్నక్క తన చోట తాను నిలబడింది. నడినెత్తిన ఎండ, తల మీద టోపీ, కింద సెగలు కక్కే తారు. బస్సు డ్రైవరు వాలు దిగుతూ ముందు బోర్డు చూశాడు, తర్వాత ఆవిణ్ణి చూసి, బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ ఎవరో గుర్తుపట్టి నాలిక్కరుచుకున్నాడు.

మధ్యాహ్నం ఒక బండి మీదకి గన్ను ఎక్కుపెట్టి, "ముప్ఫయ్యెనిమిది," అని చదివింది. తర్వాత మొహం చూసింది. తమ్ముడు.

వాడు వ్యాను దాటించుకుపోయి, కింద పక్కగా ఆపి, దిగి, పైకి నడిచొచ్చాడు. బోడి చెట్టు కేసి చూశాడు. చెమటతో తడిసి ముద్దయిన అక్క చొక్కా కేసి చూశాడు.

"ఉన్న నీడ కాస్తా కొట్టించేశావా అక్కా?"

"బోర్డు కనిపిస్తోందా?" అంది గన్నక్క.

"కనిపిస్తోంది. ఇకనుంచి పట్టుకుంటే నోరెత్తను."

పైనుంచి స్కూటరు ఒకటి వస్తుంటే ఆవిడ గన్ను ఎత్తింది. తమ్ముడు కదల్లేదు. గన్నుకి అడ్డం రాకుండా కాస్త జరిగి, ఎండ పడే వైపున అక్క పక్కనే నిలబడ్డాడు.