నిద్ర సూది కావాలన్నవాళ్లు

కరోనా తగ్గిన మరుసటి ఎండాకాలం నన్ను హిందూపురంలో ఒక ఆసుపత్రి ప్రసూతి వార్డు నుంచి క్యాజువాలిటీకి మార్చారు. నా హోదా ఎఫ్.ఎన్.ఓ., అంటే ఆడ వార్డు మనిషి. డాక్టరు చెప్పింది సిస్టరు చేస్తుంది, సిస్టరు చెప్పింది నేను చేస్తాను, నేను చెప్పింది ఎవరూ చెయ్యరు. మా ఆయన పోయాక ఆయన బదులు ఇచ్చిన ఉద్యోగం అది. నాకు సంతకం మటుకు వచ్చు. ఇది నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది.

క్యాజువాలిటీలో నిద్ర సూదుల మందు తాళం వేసిన బీరువాలో ఉంటుంది. ఫిట్స్ ఆగనివాళ్లకు, విరిగిన ఎముక సరిచేసేటప్పుడు, గొంతులో గొట్టం దించేటప్పుడు వాడతారు. వేసేముందు వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తారు, ఊపిరి కొట్టే సంచి పక్కన ఉంచుకుంటారు. ఎందుకంటే ఆ మందు మనిషితోపాటు ఊపిరిని కూడా నిద్రపుచ్చగలదు. జనానికి మాత్రం అది గోల ఆపే మందు. పక్క మంచం వాళ్లు అరుస్తున్నారని కూడా వచ్చి అడిగేవాళ్లు, పెళ్లిలో మైకు ఆపమన్నట్టు.

ఒక మధ్యాహ్నం సోమందేపల్లి వైపు నుంచి రెండు జీపుల జనం హనుమంతప్ప అనే పెద్దాయన్ను తెచ్చారు. ఉబ్బసం మనిషి. కాళ్లు తన్నుకుంటున్నాడు, బూతులు తిడుతున్నాడు, సెలైన్ సూది పీకి పారేశాడు. చిన్నకొడుకు గంగాధరప్ప ఊళ్లో లీడరు.

"ఏం మేడం, చూస్తాండారు! నిద్ర సూదెయ్యండి. మా నాయన జనం ముందర మానం తీస్తాండాడు."

డ్యూటీ డాక్టరమ్మ ధర్మవరం పిల్ల, గొంతు పైకి లేవదు. షుగరు చూసింది, బాగానే ఉంది. తలకు దెబ్బ లేదు. కారణం తెలియకుండా నిద్రపుచ్చకూడదని చెప్పి, ముందు ఏమైనా మందు ఇచ్చారా అని అడిగింది. వెనక నుంచి పెద్దాయన కోడలు ఒకామె అంది: "రాత్రి దగ్గుతో మమ్మల్నెవర్నీ పండుకోనీలేదు మేడం. పెనుకొండ ఆరెంపీ డాక్టరు వచ్చి మగత సూదేసి పాయె."

ఏ మందని ఫోన్ చేసి అడిగితే, మంచి మందే అన్నాడట ఆయన.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూడబోయింది. పెద్దాయన పంచె ముడి రెండు చేతులా పట్టుకుని ఉరిమి చూశాడు. మంచం చుట్టూ కోడళ్లు, అనుచరులు. ఒకడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

ఆమె వాళ్లందర్నీ ఒకసారి చూసి, సరే వేస్తానంది. అయితే లోపల ఏ మందుందో తెలియదు, ఉబ్బసం కూడా ఉంది, ఊపిరి ఆగినా ఆగొచ్చు, తెలిసే ఒప్పుకున్నామని ఇంటివాళ్లు ఒకరు సంతకం పెట్టాలంది.

గంగాధరప్ప వెంటనే చిన్నవాడైపోయాడు. "పెద్దోడు మా అన్న ఉండాడు కదా, ఆయప్పనడగండి."

"లీడరువి నువ్వు కదబ్బా! సంతకాలు నీకలవాటే," అన్నాడు అన్న.

సూది అందరికీ కావాలి, సంతకం ఎవరికీ వద్దు. పంచాయితీకి బయటికి నడిచారు. పంచాయితీ అంటే చూసేవాళ్లుండాలి గదా, వెనకే కోడళ్లూ అనుచరులూ వీడియో మనిషీ. డాక్టరమ్మ నాకు సైగ చేసింది. తలుపు గడియ పెట్టి, మంచానికి తెర లాగాను.

"పోయినారా వాళ్లు?" అన్నాడు పెద్దాయన.

"పోయినారప్పా."

"పొద్దున్నుంచి ఒంటేలు పడలేదమ్మా. కోడండ్ల ముందర ఎట్ల చెప్పేది?"

పొట్ట కింద మూత్రం నిలిచి డోలులా బిగిసి ఉంది. వయసు మీదపడి మూత్రం దారి దగ్గర గ్రంథి వాచినవాళ్లకు కొన్ని మగత మందులు ఆ దారి మూస్తాయని డాక్టరమ్మ చెప్పింది. ఇంకో సూది పడుంటే ఊపిరి దారీ మూసుకునేదేమో. సిస్టరు ఆ దారిలో గొట్టం వేసింది. సంచి నిండేలోపు పెద్దాయన తనంతట తానే కళ్లు మూసుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం ఆయన వేలికి క్లిప్పు పెట్టి, అది చూపించే అంకె మీద నుంచి కళ్లు తీయలేదు.

నేను తలుపు తీసేసరికి సంతకం ఇంకా తేలలేదు. నిద్రపోతున్న తండ్రిని చూసి గంగాధరప్పకు ప్రాణం లేచి వచ్చింది. ఎవరికో ఫోన్‌లో, "నేను గట్టిగా మాట్లాడితేనే పెద్ద సూదేసినారు" అన్నాడు. తర్వాత నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"ఏం సూదమ్మా అది? ఇంట్లో ఒకటి పెట్టుకుంటాం."

"మీరంతా బయటికి పోయినారు కదప్పా, అదే."

రిటైరయ్యేదాకా అదే పద్ధతి పాటించాను. అరిచే రోగి దగ్గర ముందు చుట్టూ ఉన్నవాళ్లను పంపించాలి, తర్వాత ఎందుకు అరుస్తున్నావని అతన్నే అడగాలి. బీరువా తాళం ఆఖరున.