కనకత్త తినని పెరుగు కోడి

మా చిన్నప్పుడు మద్రాసు తొండియార్‌పేట ఇంట్లో ఆదివారం పొద్దున్నే మా అత్త రాతిచిప్ప ముందేసుకుని కూర్చునేది... గట్టి పెరుగులో అల్లం వెల్లుల్లి ముద్ద, మిరియాల పొడి, పసుపు, ఉప్పు కలిపి, అమ్మ కడిగిచ్చిన కోడి ముక్కలకు ఒక్కొక్కదానికీ ఓపిగ్గా పట్టించేది.

హార్బరులో గుమాస్తాగా ఉన్న నాయన ఒకసారి దొరగారింట్లో పండగ భోజనంలో అలాంటిది తిని వచ్చి, దాని రుచి గురించి ఒకటే పనిగా చెప్పాడట. అది విని అత్త తనకు తోచినట్టు చేసింది... దొరగారింటి వంట కంటే ఇదే బాగుందని నాయన అనేవాడు.

ఇంట్లో కట్టెల పొయ్యే కదా! వీధి చివర బేకరీలో బన్నులు తీసేశాక కూడా పొయ్యి వేడిగానే ఉండేది. అందులో మా సత్తు గిన్నె పెట్టుకోనిచ్చేవాడు బేకరీ భాయ్. మధ్యాహ్నానికి పైన పెరుగు ఎర్రగా కాలి, అంచులు కాస్త మాడి, ముట్టుకుంటే ముక్క ఊడి వచ్చేది...

అత్త మాత్రం తినేది కాదు.

కనకత్త నాయనకు చెల్లెలు. పెళ్ళయిన కొన్నాళ్ళకే మామ పోతే పుట్టింటికి వచ్చేసింది. మొగుడు పోయినవాళ్ళు నీచు తినకూడదని మా అవ్వ పట్టు... కన్నకూతురైనా సరే. వండవచ్చు, వడ్డించవచ్చు, నోట్లో పెట్టుకోకూడదు. మేమందరం తిన్నాక అత్త స్నానం చేసి, వంటింటి మూల కూర్చుని చారన్నం తినేది.

"ఉప్పు సరిపోయింది లేంది ఎట్ల తెలుస్తాది అత్తా?" అని అడిగాను ఒకరోజు.

"వాసనకే తెలిసిపోతాది పాపా" అని నవ్వింది.

ఒక ఆదివారం నాయనకు ఏమనిపించిందో... ఆకులో రెండు ముక్కలు పెట్టి తెచ్చి అత్త ముందుంచాడు.

"కనకా, ఈ పొద్దు నువ్వు కూడా తినుమా."

అవ్వ గడపలోకి వచ్చేసింది. "ఏందిరా ఇది? అది తినిందంటే నేను ఈడ పచ్చినీళ్ళు ముట్టను, చూసుకో!"

నాయన అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఎత్తకపో అన్నా. నాకేం ఆశ లేదు" అంది అత్త.

నాయన వంగి ఆకు తీసేశాడు... కానీ అప్పటికే అత్త తినడానికి చెయ్యి కడుక్కుని ఉంది. నేను చూశాను.

నేను హైస్కూలుకు వచ్చాక అవ్వ పోయింది. కర్మలన్నీ అయ్యాక ఒక ఆదివారం నాయన తనే వెళ్ళి కోడి తెచ్చాడు. అత్తను మా అందరి పక్కన కూర్చోబెట్టి, మొదటి ముక్క ఆమెకే వడ్డించాడు.

"ఇంక అడ్డం చెప్పేవాళ్ళు ఎవురుండారు? తినుమా."

అత్త ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది... ఎంతసేపటికీ మింగలేకపోయింది. లేచి పెరట్లోకి పోయి ఉమ్మేసి, నోరు కడుక్కుని వచ్చింది.

"లోపలికి పోవడంలా అన్నా. నోరు మరిచిపోయినట్టుండాది. నువ్వేం అనుకోవాకు."

"ఆ పొద్దే పెట్టుండాల్సింది..." అన్నాడు నాయన. పళ్ళెంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆ తర్వాత మా ఇంట్లో పెరుగు కోడి వండలేదు. "ఈ వారం చేసేదా అన్నా?" అని అత్త అప్పుడప్పుడూ అడిగేది. "వద్దులేమా" అనేవాడు ఆయన, ఆమె ముఖంలోకి చూడకుండా. చెల్లెల్ని ఇంకా బాధపెట్టకూడదనే అనుకున్నాడు పాపం... కానీ ఆదివారాలు ఏం చెయ్యాలో తోచక అత్త ఇల్లంతా తిరిగేది. తినలేకపోయినందుకు ఆమె ఏడవగా నేను చూడలేదు. ఆ వంట పోయిందనే ఏడ్చింది, ఒకసారి అమ్మ దగ్గర.

ఈ సంగతి నాయనకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆయనా లేడు, అత్తా లేదు...

ఇప్పుడు ఇంటింటా ఓవెన్లు వచ్చాయి. మా బంధువుల్లో భర్త పోయినవాళ్ళు అందరితో కలిసి కూర్చుని, ఇష్టమైంది అడిగి మరీ వడ్డించుకుంటున్నారు. చూస్తుంటే సంతోషంగానే ఉంటుంది. వద్దన్నది అవ్వ, పెట్టింది నాయన, మానేసింది కూడా నాయనే... "నీకేం కావాలి కనకా?" అని మాత్రం మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

మీ ఇళ్ళలోనూ వండిపెట్టి తాము తినని అత్తలు, పెద్దమ్మలు ఉండే ఉంటారు... వాళ్ళకు ఏమిష్టమో మీలో ఎవరికైనా తెలుసా?