మేష్టారి భార్య పగ్గాలు పట్టిన వైనం

ఊళ్లో సగం మందికి గుర్రపుస్వారీ నేర్పిన మేష్టారు, వాననీటికి జారిపడ్డ గుర్రం కింద నలిగి నడుము విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక మంచానికి అతుక్కుపోయాడు. నడుము కింద స్పర్శ లేదు. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. దానికి కళ్లెం వేసే మొనగాడు ఇంకా పుట్టలేదని శిష్యులు చాటుగా నవ్వుకునేవారు.

భార్య నోట్లో నాలుక లేని మనిషి. పెళ్లయిన నాటి నుంచీ లాయానికి దాణా మోసింది, పేడ ఎత్తింది, గడ్డి పరిచింది. గుర్రమెక్కిన పాపాన మాత్రం పోలేదు.

చూడ్డానికి వచ్చిన ఆమె అన్న, గుమ్మం దిగుతూ చెల్లెలితో అన్నాడు. "ఇక పగ్గాలు నువ్వే పట్టాలమ్మా. ఈ గుర్రాలు అమ్మేసి ఇల్లు చక్కబెట్టుకో. నడిపే మనిషి లేనప్పుడు వీటిని మేపి ఏం లాభం?"

ఆమె తలూపింది. మర్నాడు పొద్దున్నే భర్త మంచాన్ని మైదానం కనిపించే కిటికీ పక్కకి లాగింది.

"పగ్గాలు పట్టడం నేర్పండి," అంది.

"ఇంటివా?"

"గుర్రానివి."

మేష్టారు పగలబడి నవ్వాడు. మంచాన పడ్డాక నవ్వడం అదే మొదలు. ఆమె మాత్రం నవ్వలేదు. అప్పటికే ఆయన పాత ప్యాంటు తొడుక్కుని, అది జారకుండా నడుముకు తాడు బిగించుకుని ఉంది.

పాఠాలు మొదలయ్యాయి. ఆయన కిటికీలోంచి గొంతు చించుకునేవాడు. "మడమలు కిందికి! ఆ పగ్గం వదులు చెయ్యి, బావిలో చేద లాగుతున్నావా?" ఆమె పడేది, దుమ్ము దులుపుకునేది, మళ్లీ ఎక్కేది. మోచేతులు కమిలిపోయినా వంట వేళ తప్పలేదు. కొన్నాళ్లకి ఆమె ఒక సంగతి గమనించింది. గుర్రం చెవులు రెండూ ఎప్పుడూ కిటికీ వైపే ఉంటున్నాయి. నేరుగా కిటికీ దగ్గరికి నడిపించుకొచ్చింది.

"మీరు మాట్లాడకండి."

"ఏంటీ?"

"దానికి మీ గొంతే వినిపిస్తోంది. నా చేతులు తెలియట్లేదు. చెప్పాల్సింది రాత్రికి చెప్పండి, అన్నం తింటూ."

ఆవిడ తనకి ఎదురు చెప్పడం ఆయన ఎరగడు. కోపం నషాళానికి అంటింది. కానీ మాట నిజమని ఆ క్షణమే తెలిసిపోయింది. నోరు మూసుకున్నాడు.

ఓ మధ్యాహ్నం ఆమె గుర్రం మీద ఉండగా, గాలికి లాయం మీది రేకు లేచి దభాలున పడింది. గుర్రం బెదిరి కంచె వెంట పరుగందుకుంది. మేష్టారు ఒక్క ఈల వేస్తే ఆగుతుంది. నాలుక మడిచాడు, కిటికీ ఊచ పట్టుకున్నాడు, కానీ వేయలేదు. ఆమె ఎదురులాగలేదు. ఒక పగ్గాన్ని మెల్లగా దగ్గరికి తీస్తూ గుర్రాన్ని గుండ్రంగా తిప్పింది, ఆ చుట్టును చిన్నది చేసుకుంటూ వచ్చింది. చివరికి గుర్రం రొప్పుతూ నిలబడింది. ఆమె దిగి, దాని మెడ పట్టుకుని నిలబడిపోయింది.

"ఈల వేయలేదేం?" అని అడిగింది కిటికీ దగ్గరికొచ్చి.

"వద్దన్నావుగా." ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. "ఇంకో చుట్టు తిరిగుంటే వేసేవాణ్ని."

తర్వాతి ఏడాదికి పాత శిష్యులు తిరిగొచ్చారు, కొత్తవాళ్లూ చేరారు. నేర్పేటప్పుడు ఆమె గొంతు పెంచేది కాదు. పిల్లలు మాట వినడానికి దగ్గరికి రావాల్సి వచ్చేది.

ఓ రోజు జీనుకి వెనక దన్ను కుట్టించి, డాక్టరు సరేనన్నాక, ఇద్దరు శిష్యుల చేత భర్తను ఎత్తించి గుర్రమెక్కించి, నడుముకి పట్టీలు బిగించింది.

"నాకు భయంగా ఉంది," అన్నాడు మేష్టారు, ఎవరికీ వినపడకుండా.

"నాకూ రోజూ భయమే. పట్టుకోండి."

పగ్గాలు ఆయన చేతికిచ్చి పక్కనే నడిచింది. కంచె మలుపు దగ్గర గుర్రం తల విదిలించింది.

"బిగించకండి. నోరు నొప్పి పెడుతోంది దానికి."

"నాకే చెప్తున్నావా?"

"ఇక్కడ ఎవరైనా ఒకటే."

ఆయన వదులు చేశాడు. గుర్రం నిదానంగా మైదానమంతా తిరిగింది.

ఊళ్లో ఆయన్ని ఇప్పుడు మేష్టారమ్మగారి భర్త అంటారు. ఎవరైనా వస్తే ఆ మాట ఆయనే ముందుగా చెప్పి, మీసం తిప్పుకుంటాడు.