కీబోర్డు కింది మాట

తెల్లవాళ్ల పాలన పోయి మేము మొదటిసారి ఓటు వేసిన తర్వాత మూడో ఏడాది, రెడ్‌హిల్‌లో మా ఇంటి దగ్గరి హాల్లో పెద్దవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. అప్పటికి నాకు యాభై ఆరేళ్లు. ప్రాస్పెక్టన్‌లో ఒక కంపెనీ ఆఫీసులో టీ కాచి, గదులు తుడిచేదాన్ని. క్లాసులో పక్కన కూర్చునే జులూ ఆడవాళ్లు అమ్మమ్మ అన్నట్టుగా నన్ను గోగో అని పిలిచేవారు.

పనిచేసే చోట కంటికి కనబడిన ఇంగ్లీషు మాటలు ఐదు రాసుకురమ్మనేది టీచరు. నేను ఐదుతో ఆగేదాన్ని కాదు. మంటలార్పే సిలిండర్ మీదివి, తలుపుల మీదివి, పంచదార సంచి మీదివి, అన్నీ నోటుబుక్కులోకి ఎక్కించేదాన్ని. అర్థం తర్వాత తెలిసేది. ముందు గీత కుదరాలి.

ఆఫీసులో ఎప్పుడూ చల్లగా ఉండే కంప్యూటర్ గది ఒకటుండేది. దాన్ని చూసుకోవడానికి ఆంధ్రా నుంచి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. బయట ఎండ మండిపోతుంటే ఆ పిల్ల లోపల స్వెట్టరు వేసుకుని కూర్చునేది. నా తెలుగు చెరకు తోటల్లో మిగిలిన తాతల నాటి తెలుగు. మొదటిరోజు నేను “టీ తాగుతావేటమ్మా” అనగానే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్ల నాయనమ్మ ఇలాగే మాట్లాడేదట. ఆనాటి నుంచి నేను ఆమెకు పెద్దమ్మను. ఈ దేశంలో ఆమె పర్మిట్ ఈ ఉద్యోగం మీదే ఉందనీ, ఉద్యోగం పోతే పెట్టె సర్దుకోవడమేననీ ఒకసారి నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఒక మధ్యాహ్నం కంప్యూటర్ గది ముందున్న చిన్న గదిలో ఇద్దరం అన్నం తింటున్నాం. లోపలున్న ఒక్క కంప్యూటర్ పెట్టెకి ఇంత కాపలా ఎందుకని అడిగాను. అది ఒక్కటి కాదంది. లోపల ఆరు మెషీన్లున్నాయట. చేత్తో తాకగలిగేవి కావు, వర్చువల్ మెషీన్లు. ఒకదాంట్లో జీతాల పని, ఒకదాంట్లో గోడౌన్ సరుకు, ఇంకోదాంట్లో కొత్తవాళ్లు పని నేర్చుకుంటారు. ప్రతిదీ ఆ పెట్టె మొత్తం తనదేననుకుంటుందట. అన్నిటినీ పైనుంచి నడిపే సాఫ్ట్‌వేర్ వేరే ఉందట.

మా కూలీల బ్యారక్స్‌లాగే ఉందన్నాను. నేను పుట్టిన తోటలో ఒకే రేకుల కప్పు కింద పది గదులు, గదికో కుటుంబం. అడ్డుగోడలు మాత్రం కప్పుదాకా ఉండేవి కావు. పక్కవాళ్లు పోపు పెడితే మాకు దగ్గు, మా నాన్న తిడితే వాళ్లకు నవ్వు.

ఆమె తినడం ఆపింది. “మా భయం సరిగ్గా అదే పెద్దమ్మా. ఒక గదిలోవాడు పక్కగదిలోకి తొంగిచూడకూడదు. ఇక ఎవడైనా కప్పు మీదికే ఎక్కాడంటే అన్ని గదులూ వాడివే.”

“ఎలాగెక్కుతాడు?”

“దానికో పాస్‌వర్డ్ ఉంది. అదే నిచ్చెన.”

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆ చల్లగదిలో దుమ్ము తుడవడానికి కీబోర్డు ఎత్తినప్పుడు కింద అతికించి ఉన్న చీటీ గుర్తొచ్చింది. పొడుగాటి మాట, మధ్యలో అంకెలు. అంత అందంగా రాసిన మాట ఆ ఆఫీసులో ఇంకోటి లేదు. నోటుబుక్కు తీసి ఆ పేజీ చూపించాను.

“ఇదేటే పిల్లా?”

ఆమె ముఖం పాలిపోయింది.

“మంగళారం క్లాసులో బోర్డు మీద కూడా రాసినాను. అందరూ చప్పట్లు కొట్టినారు.”

ఆ క్లాసులో మన కంపెనీ వాళ్లెవరైనా ఉన్నారా అని అడిగింది. గోడౌన్ వాళ్లు ఇద్దరున్నారు. గోడౌన్‌లోనూ ఆ కంప్యూటర్‌కు కలిపిన తెరలున్నాయి. పేజీ చింపేస్తాను, ఎవరికీ తెలియదన్నాను.

“చింపితే సరిపోదు. మంగళవారం నుంచి ఎవరైనా లోపలికి వెళ్లారేమో చూడాలి. వెళ్లకపోయినా మేనేజరుకి చెప్పాలి. చీటీ అతికించింది నేను, మీరు కాదు.”

“నీ పర్మిటో?”

ఆమె లేచి లోపలికి వెళ్లింది. ముందు పాస్‌వర్డ్ మార్చింది. తర్వాత రికార్డులన్నీ వరుసగా చూసింది. నేను కప్పులు కడగడం మానేసి అద్దం ఇవతల నిలబడ్డాను. మూడు గంటలకు తల అడ్డంగా ఊపింది. ఎవరూ ఎక్కలేదు. అయినా మేనేజరు గదివైపు నడిచింది. నేనూ వెనకే వెళ్లాను. టీ ట్రేనో చీపురో లేకుండా ఆ గదిలో అడుగుపెట్టడం నాకు అదే మొదలు.

ఆమె తన తప్పే చెప్పింది, నా ఊసెత్తలేదు. నేను నోటుబుక్కు బల్లమీద పెట్టి, రాసింది నేనేనన్నాను. మేనేజరు పేజీలు తిప్పాడు. సిలిండర్, పంచదార, ఆయన తలుపు మీది ఆయన పేరు నాలుగుసార్లు. అక్కడ కాసేపు ఆగాడు. చివరికి ఆమెకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చాడు, ఉద్యోగం ఉంచాడు. నన్ను మాత్రం ఆ రెండు గదుల వైపు వెళ్లొద్దన్నాడు.

బాధ వేయలేదంటే అబద్ధం. మర్నాడు అన్నం వేళకు ఒక్కదాన్నే వంటగదిలో కూర్చున్నాను. ఆ పిల్ల డబ్బా పట్టుకుని అక్కడికే వచ్చింది. కొత్త నోటుబుక్కు నా ముందు పెట్టి, మొదటి పేజీలో అ, ఆ రాసింది.

“ఇవి ఎన్నైనా రాసుకోండి, ఎక్కడైనా పెట్టుకోండి పెద్దమ్మా. ఈ బిల్డింగులో మనిద్దరం తప్ప ఎవరూ చదవలేరు.”

“నేనూ చదవలేనుగదే,” అన్నాను.

ఒక నెల ఆగమంది. ఏడాది పట్టింది.